బుట్టలో వేస్తే పోదు

చెత్తబుట్టలోని చెత్త కోసం టైలరమ్మ సొంత ఆడపడుచు చెయ్యి విరిచినంత పని చేసిందని వీధిలో చెప్పుకుంటారు. ఆ చెయ్యి ఒకరి నోట బెణికింది, ఇంకొకరి నోట వాచింది, పాలు పోసే ఆవిడ దాకా వచ్చేసరికి దానికి కట్టు కూడా పడింది. ఇస్త్రీ కొట్టు దగ్గర ఈ కథ చెప్పడానికి ఒక పద్ధతే ఏర్పడిపోయింది. ముందు కంప్యూటర్‌లో కూడా ఒక చెత్తబుట్ట ఉంటుందని చెప్పి వినేవాళ్ళను ఆశ్చర్యపరచాలి. తర్వాత అందులోని చెత్తను కూడా పారేయనివ్వని మనుషులుంటారని చెప్పి నవ్వించాలి. పిసినారితనానికైనా ఓ హద్దుండాలని చివర్లో అందరూ తలలూపుతారు.

ఆ రోజు ఆ గదిలోంచి కేక వినపడిన మాట నిజం. ఆడపడుచు మణికట్టు మీద గోళ్ళ గుర్తులు పడిన మాటా నిజమే.

టైలరమ్మను ఎరిగినవాళ్ళకు అసలు ఆ కేకే నమ్మశక్యం కాదు. తుమ్మొస్తే పక్కవాటా వాళ్ళకు ఇబ్బందేమోనని కొంగు అడ్డం పెట్టుకునే మనిషి. మెట్ల కింద గదిలో కుట్టుమిషను, బట్ట పరిచే బల్ల, ఇస్త్రీపెట్టె, వాటి మధ్యనే ఆవిడ బతుకు గడిచేది. ఇన్నేళ్ళ పని తర్వాత కూడా కొత్త బట్ట మీద కత్తెర పెట్టే ముందు ఊపిరి బిగబట్టేది. కుట్టింది విప్పుకోవచ్చు, కత్తిరించింది అతకదు అనేది.

మిషను కింద ఒక వెదురు బుట్ట ఉండేది. కత్తిరించగా మిగిలిన పీలికలు, పని అయిపోయిన కాగితపు నమూనాలు అందులోకి పోయేవి. పారేసినట్టు కాదు. జేబుకు అతుకు వేయాలన్నా, చంక దగ్గర ముక్క కలపాలన్నా, పాత మనిషే మళ్ళీ వచ్చి అలాంటిదే ఇంకొకటి కుట్టమన్నా ఆవిడ చెయ్యి ముందుగా వెళ్ళేది ఆ బుట్టలోకే. నేల ఊడ్చిన దుమ్ముకూ దారప్పోగులకూ గుమ్మం పక్కన వేరే డబ్బా ఉంది. పారేసేది డబ్బాలోకి, దాచుకునేది బుట్టలోకి. ఆ గదిలో ఆ రెండూ ఏనాడూ కలవలేదు.

కంప్యూటర్ కావాలని ఆవిడ ఎవరినీ అడగలేదు. ఎత్తేసిన ఒక ఆఫీసు నుంచి భర్తే దాన్ని మోసుకొచ్చి బల్ల చివర పెట్టాడు. నమూనాలు ఇందులో గీసుకుంటే చిరగవు, తడవవు అన్నాడు. సరుకు లారీతో పాటు ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి ఆయన. పెట్టాడు, వెళ్ళిపోయాడు. నేర్పింది ఆడపడుచు. కరెంటాఫీసులో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం తనది. వదిన మౌసును వేడి పెనంలా వేలికొసలతో తాకుతుంటే కడుపు పట్టుకుని నవ్వేది. కరిస్తే మా అన్నయ్య కరవాలిగానీ అది కరవదు వదినా అనేది.

ఒకసారి గీసిన బొమ్మ ఒకటి చూస్తుండగానే తెర మీంచి మాయమైంది. టైలరమ్మ మౌసు వదిలేసి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆడపడుచు తాపీగా తెర మూలనున్న బుట్ట గుర్తు మీద నొక్కి, పోయిన బొమ్మను అందులోంచి బయటికి లాగి చూపించింది.

"చూశావా? బుట్టలో వేస్తే పోదు. ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు. ఊరికే భయపడకు."

ఆడపడుచు చెప్పిన పాఠాలన్నిటిలోనూ టైలరమ్మకు పూర్తిగా అర్థమైంది ఇదొక్కటే. మిగతావన్నీ కొత్త మాటలు, ఇది మాత్రం తన మిషను కింది సంగతే. అప్పట్నుంచి పని పూర్తయిన ప్రతి బొమ్మనూ జాగ్రత్తగా లాక్కెళ్ళి ఆ బుట్టలో వేసేది. తెర కడిగిన పలకలా ఉండేది. కావలసి వస్తే బుట్ట తెరిచి తీసుకోవడం, వాడుకుని మళ్ళీ అందులోనే వేయడం. ఎవరినీ ఏమీ అడగాల్సిన అవసరం పడలేదు గనుక ఈ ఏర్పాటు ఎవరికీ తెలియలేదు.

పిచ్చుక పక్క సందులో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల. అసలు పేరు బడి రిజిస్టరులో ఎక్కడో ఉంది. పొయ్యి మీద మరిగే నీళ్ళ గిన్నెను అందుకోబోయి మెడ, రొమ్ము, ఎడమ చెయ్యి కాల్చుకుంది. పుండ్లు మానాయి. కానీ మానిన చోట చర్మం తాళ్ళలా ఉబ్బుకొస్తుందని, మెడను ఒక పక్కకు గుంజేస్తుందని, అలా కాకూడదంటే ఒంటిని అదిమిపెట్టే బిగుతు చొక్కా రాత్రింబవళ్ళు తొడిగే ఉంచాలని ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. సాగే బట్ట కుట్టడం అలవాటున్నది ఆ చుట్టుపక్కల టైలరమ్మకే.

కొలతలు ఆసుపత్రిలోనే తీశారు. అలాంటి చొక్కాకు టేపు ఒంటికి ఆనాలి, కొంచెం బిగియాలి, లేకపోతే కొలత రాదు. కొత్త చర్మం ఉల్లిపొరంత పల్చగా ఉంది. చెయ్యి కొలిచేటప్పుడు పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మెడ దగ్గరికి వచ్చేసరికి ఏడుపు కూడా ఆగిపోయింది. నోరు తెరిచి, కళ్ళు పైకి పెట్టి, చప్పుడు లేకుండా అలా ఉండిపోయింది. టేపు పట్టుకున్న చెయ్యి టైలరమ్మది.

ఇంటికొచ్చి ఆ అంకెలతో బొమ్మలు గీసింది. ముందుభాగం, వెనకభాగం, రెండు చేతులు, మెడపట్టీ, ఏ ముక్కకు ఆ ముక్క. ఇక ఈ జన్మకు ఆ పిల్లకు టేపు చూపించే పని లేదనుకుని, చొక్కా కత్తిరించడం అవగానే అంకెలు రాసుకున్న కాగితాన్నీ కాగితపు నమూనానూ చింపేసి, బొమ్మలను తెర మీది బుట్టలో వేసింది. ఆ తర్వాత పిచ్చుక వీధిలో కనపడినప్పుడల్లా మెడలో వేలాడే టేపును గబుక్కున తీసి గుప్పిట్లో దాచేది. అయినా పిల్ల ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు.

చొక్కా చక్కగా కుదిరింది. అమ్మమ్మ శుభ్రం పేరు చెప్పి దాన్ని సలసల కాగే నీళ్ళలో ఉడకబెట్టేదాకా. బట్టలోని సాగుడు చచ్చిపోయి అది సంచిలా వేలాడింది. ముసలావిడ దాన్ని చేత్తో పట్టుకుని, చేయరాని నేరమేదో చేసినదానిలా టైలరమ్మ గుమ్మంలో నిలబడింది. మళ్ళీ కొలవాలేమో అని తను పైకి అన్న పాపానికి పిల్ల మంచం కిందికి దూరిందట. పొద్దుట్నుంచీ ఇవతలికి రాలేదట.

"కొలవక్కర్లేదు పెద్దమ్మా. బొమ్మ నా దగ్గర భద్రంగా ఉంది" అంది టైలరమ్మ. కాగితం మీదికి తీసుకుని కత్తిరించడమే కదా అనుకుని కంప్యూటర్ ఆన్ చేసింది.

అది కొన్నాళ్ళుగా నీరసపడి నడుస్తోంది. ఆ రోజు నత్తే నయమనిపించింది. గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. బుట్ట మీద నొక్కితే తెల్లటి గడి ఒకటి తెరుచుకుని, లోపల ఏమీ చూపించకుండా బిర్ర బిగుసుకుంది. మధ్యలో ఎర్రటి పెట్టె ఒకటి ఎగిరి వచ్చి, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే ఇక్కడ నొక్కండి అంది. ఆ పెట్టె ఆవిడకు కొత్త కాదు. అంతకుముందు ఒకసారి ఇలాగే వచ్చి, నెమ్మదిగా ఉందా, బాగుచేయమంటారా అని అడిగితే, వద్దంటే ఏమవుతుందోనన్న భయంతో ఔననే నొక్కింది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడా ఎర్రటి పెట్టెను చూస్తుంటే, తను చేసిందేదో లోపల కూర్చుని పిల్ల మెడపట్టీని కొరికేస్తున్నట్టే అనిపించింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. తర్వాత ఆడపడుచుకు ఫోన్ చేసింది.

ఆడపడుచు సెలవు పెట్టుకుని వచ్చింది. కూర్చోగానే లోపలున్న దొంగ సరుకును పట్టేసింది.

"ఈ వేగం పెంచే మహానుభావుణ్ణి ఎవరు పిలిచారు వదినా?"

"అదే అడిగింది, బాగుచేయనా అని. నేను ఊఁ అన్నాను."

"బాగుంది. దారిన పోయేవాడు తలుపుకొట్టి, మీ ఇంట్లో దొంగలున్నారు, నేను కాపలా పడుకుంటానంటే చాప వేశావన్నమాట."

టైలరమ్మ నవ్వలేదు. ఆడపడుచు ఆ మొహం చూసి తను కూడా నవ్వు ఆపేసింది. తెలియని పెట్టె ఏదొచ్చినా ఔననీ కాదనీ ఏదీ నొక్కకుండా తనకు ఫోన్ చేయమని చెప్పింది. తన పద్ధతి కూడా చెప్పింది. ఏదైనా తీసేసేముందు కావలసినవి బయట దాచుకోవాలి. దాచాకే తీసేయడం. అందుకే పెన్‌డ్రైవ్ కూడా తెచ్చింది. అది గుచ్చి, తెర మీద ఒక పసుపు గుర్తు చూపించి, నీ పనంతా ఈ ఫోల్డర్‌లోనే ఉందిగా వదినా అని అడిగింది.

ఫోల్డర్ అన్న మాట టైలరమ్మకు తెలియదు. ఇందాకే ఒకసారి తెలివితక్కువదనిపించుకుంది. రెండోసారి అడిగే ధైర్యం లేక తలూపింది. అందులో ఉన్నవి ఆ వారం కుడుతున్న హోటలు పనివాళ్ళ ఏప్రన్ల బొమ్మలు, అంతే. అవి పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళాయి. అంతా దాచేశాను, ఇక భయం లేదు అంది ఆడపడుచు. అంతా అన్న మాట విని టైలరమ్మకు కాస్త ఊపిరి అందింది.

ఆ తర్వాత మొదలైంది తీసివేత. వేగం పెంచే మహానుభావుణ్ణి పద్ధతి ప్రకారం సాగనంపారు. కంప్యూటర్ లేవగానే దాంతో పాటు లేచి కూర్చునే అక్కర్లేనివాటిని ఒక్కొక్కటే ఆపేశారు. పాత ఆఫీసువాళ్ళు వదిలిపోయిన సరుకుతో లోపల ఊపిరాడే చోటు లేదని ఆడపడుచు గొణుక్కుంటోంది. ఇది తీసేస్తున్నా, అది తీసేస్తున్నా అన్నప్పుడల్లా టైలరమ్మ తెర వైపు తొంగి చూసేది. చూడలేక అటు తిరిగి, ఇస్త్రీపెట్టె వేడి చేసుకుని, మడతలు లేని బట్టను కూడా రుద్దుతూ నిలబడింది.

"వదినా, ఇక్కడ బోలెడంత చెత్త పేరుకుపోయి ఉంది. తీసేస్తున్నా."

గుమ్మం పక్కన డబ్బా నిండి దారప్పోగులు అంచు మీంచి వేలాడుతున్నాయి. పొద్దుట్నుంచీ ఈ గొడవలో దాని సంగతే మరిచిపోయింది. ఆడపిల్ల పుట్టింటికొచ్చి ఇంటి చెత్త ఎత్తడమేమిటని సిగ్గేసింది.

"తీసెయ్ చిట్టీ, నీకు పుణ్యముంటుంది" అంది వెనక్కి తిరక్కుండానే.

కుర్చీ జరిగిన చప్పుడు రాలేదు. డబ్బా కదిలిన చప్పుడూ రాలేదు. మౌసు మాత్రం టిక్కుమంది. టైలరమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తిరిగి చూసింది. తెర మీద తన బుట్ట తెరుచుకుని ఉంది. దాని మీద చిన్న గడిలో ఆకుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి మెల్లగా పాకుతోంది.

"ఏమిటది?"

"చెప్పాగా, బుట్ట ఖాళీ చేస్తున్నా."

వీధిలో వినపడిన కేక అప్పటిదే. అందులో మాటలు లేవు. టైలరమ్మ ఒక్క అంగలో వచ్చి ఆడపడుచు మణికట్టు పట్టుకుంది. పిల్ల ఉంది అందులో, పిల్ల ఉంది అంటోంది. వదినకు మతి చలించిందేమోనని ఆడపడుచుకు నిజంగానే భయం వేసింది. అంతలోనే గడిలో చకచకా మారిపోతున్న పాత ఆఫీసు పేర్ల నడుమ, పేరు లేని బొమ్మ ఒకటి మెరిసి మాయమైంది. దాని వెనక ఇంకొకటి.

"బుట్టలో పెట్టావా? ఎందుకు పెట్టావు వదినా?"

"పోదన్నావు కదా."

ఆడపడుచుకు అప్పుడు తట్టింది. ఖాళీ చేయకపోతే పోదు అన్న రెండో ముక్క తను చెప్పలేదు. చెప్పాల్సి ఉంటుందని కూడా తోచలేదు. పట్టులో ఉన్న చేత్తోనే ఆపమని నొక్కింది. గీత ఆగలేదు. మళ్ళీ నొక్కింది. కంప్యూటర్ ఏ మాటైనా ఆలస్యంగానే వినేది, ఈ మాటా అంతే. టైలరమ్మ చెయ్యి వదిలి గోడ మీద స్విచ్ వైపు ఉరికింది.

"స్విచ్ ముట్టుకోకు వదినా. ఇలా ఉండగా చంపేస్తే మిగిలినవి కూడా పోతాయేమో."

చెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది. తీయనూ లేదు, నొక్కనూ లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటారు, అలా ఉంది ఆవిడ. గీత ఇంకొంచెం పాకింది. ఇద్దరూ దాన్ని పామును చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. తర్వాత అది ఉన్నచోట ఉండిపోయింది. గడి మూసుకుంది.

చురుకైన కంప్యూటర్ అయితే రెప్పపాటులో అంతా ఊడ్చుకుపోయేదని ఆడపడుచు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం ముందు పని చూసుకుంది. బుట్టలో మిగిలినవాటిని మొత్తం వెనక్కి తీసి పెన్‌డ్రైవ్‌లోకి పంపింది. కొత్తగా ఏదీ ఇందులో పెట్టొద్దు, పోయినవాటి చోట ఇంకేదైనా పడితే ఇక దొరకవు అంది. ఆ తర్వాత ఒక్కొక్క బొమ్మ తెరవడం మొదలుపెట్టారు. టైలరమ్మ వాటికి పేర్లు పెట్టలేదు, కంప్యూటర్ ఇచ్చిన అంకెలే. ఏది ఏదో తెరిస్తే గానీ తెలియదు.

మొదట ఎవరిదో పంట్లాం వచ్చింది. ఆ తర్వాత ఒక దిండు గలీబు. ప్రతి బొమ్మకు ముందు తెర తెల్లగా అయిపోయి నిలబడేది, ఆ నిలబడినంతసేపూ టైలరమ్మ కళ్ళ ముందు పిల్ల నోరు తెరిచి చప్పుడు లేకుండా ఉండేది. మోచేతి దగ్గర వంపు తిరిగిన సన్నటి ముక్క వచ్చినప్పుడు ఆవిడ బల్ల పట్టుకుంది. ఎడమ చెయ్యి అది. ఆ తర్వాత వెనకభాగం. ఏప్రన్లు కొన్ని. ముందుభాగం. చాలాసేపటికి కుడి చెయ్యి. అవే చివరివి. ఇంకోసారి మొదటి నుంచి తిరగేశారు. మెడపట్టీ లేదు.

ఆఫీసులో ఒకతను పోయినవాటిని వెలికితీస్తాడని, రావచ్చు రాకపోవచ్చని, కొన్నాళ్ళు పడుతుందని ఆడపడుచు చెప్పింది. కొన్నాళ్ళు అంటే అన్నాళ్ళూ మెడ ఖాళీగా ఉంటుంది, చర్మం దాని పని అది చేసుకుపోతుంది. ఆడపడుచు నేల చూపులు చూస్తూ మెల్లగా అడిగింది.

"మెడ ఒక్కటే కదా వదినా. ఒక్క క్షణం కొలిచేస్తే?"

"నువ్వు చూడలేదు" అంది టైలరమ్మ.

ఉడికి పాడైన చొక్కా బల్ల మీదే పడి ఉంది. ఆవిడ దాన్ని దగ్గరికి లాక్కుని, బ్లేడు తీసుకుని మెడపట్టీ కుట్టు విప్పడం మొదలుపెట్టింది. బట్ట ఎక్కడా తెగకుండా పట్టీ ఊడి వచ్చింది. ఆ బట్ట అడ్డంగానే సాగుతుంది, నిలువునా సాగదు. కాబట్టి పట్టీ ఎత్తు ఉన్నది ఉన్నట్టే ఉంది. కింది అంచు చుట్టుకొలత మిగిలిన బొమ్మల్లో ఉంది, పట్టీ కూర్చునేది ఆ ముందు వెనక భాగాల మెడ వంపులోనే. పై అంచుకే ఆధారం లేదు. అయితే ఉడికినప్పుడు బట్ట అంతా ఒకేలా వదులైంది. కింది అంచు ఎంత వదులైందో ఇప్పుడు తెలుసు, పై అంచునూ అంతే తగ్గించాలి. ఈ మాటలేవీ ఆవిడ పైకి అనలేదు. కాగితం మీద గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. కొత్త బట్ట మీద కత్తెర ఆనించి చాలాసేపు ఊపిరి తీయలేదు. పై అంచు ఒక పోగు బిగిస్తే పిల్లకు ఊపిరాడదు. ఒక పోగు వదిలితే ఉన్నా లేనట్టే.

మర్నాడు చొక్కా పట్టుకుని ఇద్దరూ పక్క సందులోకి వెళ్ళారు. టేపు ఇంట్లోనే వదిలేసింది. బోసి మెడను చేత్తో తడుముకుంటూ నడిచింది. పిచ్చుక మంచం కింద గోడకు కరుచుకుని ఉంది. టైలరమ్మ వంగి, రెండు అరచేతులూ తెరిచి చూపించింది. పిల్ల వాటిని చూసింది, ఆవిడ మెడ చూసింది, వెనక ఆడపడుచు చేతులు కూడా చూసింది. చాలా బతిమాలించుకుని బయటికి వచ్చింది.

అమ్మమ్మ తొడిగింది. చేతులు కుదిరాయి, ఒళ్ళు కుదిరింది. మెడ వెనక హుక్కులు పెడుతుంటే పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆడపడుచు చూడలేక గుమ్మం బయటికి వెళ్ళింది. టైలరమ్మ పిల్ల గొంతు వైపే చూస్తోంది. గొంతు కదిలింది. గుటక పడింది.

"నొప్పా తల్లీ?"

"కాదత్తా. గట్టిగా ఉంది."

టైలరమ్మ చిటికెన వేలు పై అంచు కింద పెట్టి చూసింది. అది దూరీ దూరనట్టు దూరింది. వేలు వెనక్కి తీసుకుని అక్కడే నేల మీద చతికిలబడింది.

ఇప్పుడు కంప్యూటర్ తెర మీద ఆడపడుచు తయారుచేసిన పసుపు ఫోల్డర్ ఒకటుంది, దాని పేరు దాచుకునే బుట్ట. పని అయిపోగానే అందులో పెట్టి, పెన్‌డ్రైవ్‌లోనూ ఒకటి వేసుకోవడం టైలరమ్మకు అలవాటైంది. మూలనున్న రెండో బుట్ట వైపు ఆవిడ చూడను కూడా చూడదు. గోళ్ళ గుర్తులు మానేదాకా ఆడపడుచు వాటిని ఆఫీసులో, బస్సులో, ఇస్త్రీ కొట్టు దగ్గర అందరికీ చూపించి నవ్వించింది. ఎందుకు పడ్డాయో చెప్పాలంటే తను ఏం చేసిందో చెప్పాలి గనుక అక్కడికే ఆపేసేది. మిగతా కథ వీధి కల్పించుకుంది.

పిచ్చుక మెడకు ఎవరూ మళ్ళీ టేపు పెట్టలేదు.